టెక్సాస్ కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లీష్ 1301 చేశా, నా రేటింగ్ 4/5

హెచ్4 (హెచ్1బి వాళ్ళ భార్య/భర్త, పిల్లలకిచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు వీసా మార్చుకోకుండానే ఇక్కడ కాలేజీలో చదువుకోవచ్చు కదా, ఇంట్లో కూర్చుని విసుగొచ్చి డాలస్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో చేరా. ముందు ఇంగ్లీష్ 1301, అంటే వ్యాసాలు రాయడం నేర్పే కంపోజిషన్ కోర్సు చెయ్యి అన్నారు. 3 క్రెడిట్లు, 16 వారాలు, 4 పేపర్లు. బీటెక్ చేసొచ్చిన దాన్ని, నాకు వ్యాసం రాయడం నేర్పేదేంటి అనుకున్నా.

మనమంతా ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు బ్యాచ్ కదా. సైడ్ హెడ్డింగు పెట్టి స్కెచ్ పెన్నుతో గీత కొట్టి, ఎన్ని అడిషనల్స్ తీసుకుంటే అంత గొప్ప. నేను కూడా అదే ఊపులో, మా అపార్ట్‌మెంట్లో బాల్కనీలో బట్టలు ఆరేయనివ్వరన్న కడుపుమంటని టాపిక్‌గా తీసుకుని "అనాదిగా మానవుడు సూర్యుణ్ణి నమ్ముకుని..." అంటూ మొదలెట్టా. మేడం ఆ పేరా మొత్తం కొట్టేసి పక్కన ఒక్కటే రాశారు, ఇంతకీ నువ్వేమంటావ్ అని.

కోర్సు మొత్తం ఆ ఒక్క ప్రశ్నే అనుకోండి. దానికి మనమిచ్చే జవాబునే థీసిస్ స్టేట్‌మెంట్ అంటారు. ఎండలో ఆరేస్తే మంచిది అని రాస్తే, కాదనేవాళ్ళు ఎవరున్నారు, కాదనేవాడు లేకపోతే అది థీసిస్ కాదు పొమ్మన్నారు. మూడోసారికి, రైలింగ్ కంటే కిందకి, బయటికి కనపడని ఎత్తులో దండెం కట్టుకోనివ్వాలి అని రాశాక ఓకే అయ్యింది. ఆ తర్వాత అవతలివాడి వాదన కూడా మనమే నిజాయితీగా రాసి జవాబివ్వాలి, నాకు అన్నిటికంటే కష్టమైంది అదే, ఎందుకంటే లీజింగ్ ఆఫీసు వాళ్ళ తరఫున ఆలోచించాలంటే మనసొప్పదు. ఫ్లోరిడాలో దండేలని నిషేధించకుండా చట్టమే ఉందని లైబ్రరీ డేటాబేస్‌లో వెతుకుతుంటే తెలిసింది, అది దొరికిన రోజు ఎగిరి గంతేశా.

ఇంకో పేపర్ రెటారికల్ అనాలిసిస్. 1963లో బర్మింగ్‌హామ్ జైల్లో ఉండి మార్టిన్ లూథర్ కింగ్ తనని విమర్శించిన మతపెద్దలకి రాసిన ఉత్తరం ఇచ్చారు. ఆయన చెప్పింది రైటా రాంగా అని కాదు, ఆ మతపెద్దల్ని ఒప్పించడానికి ఏ మాట ఎక్కడ ఎందుకు వాడాడో చెప్పాలి. నేను మొదట సారాంశం రాసిచ్చి సి గ్రేడ్ తెచ్చుకున్నా.

సైటేషన్లు, అంటే ఏ మాట ఎక్కణ్ణుంచి తీసుకున్నామో చెప్పడం, ఎంఎల్ఏ (మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో. ఆల్ ఇన్ వన్ గైడ్లో ఉన్నది ఉన్నట్టు దించితే మన దగ్గర ఫుల్ మార్కులు, ఇక్కడ అది ప్లేజియరిజం, మాటలు మార్చి రాసినా ఎవరి ఆలోచనో చెప్పాల్సిందే. పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళ రైటింగ్ ల్యాబ్ సైట్ ఫ్రీ, 1994 నుంచీ ఉంది, రూల్స్ అన్నీ దాంట్లోనే చూసుకున్నా. కాపీ కొట్టామా అని చూసే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లో 24 శాతం మ్యాచ్ అని వస్తే చెమటలు పట్టాయి, తీరా చూస్తే అంతా కోట్ చేసిన వాక్యాలూ చివర్లో ఇచ్చిన పుస్తకాల లిస్టూనే.

పేపర్లు రాయడంలో సాయం చేసే కాలేజీ రైటింగ్ సెంటర్ మాత్రం వదలొద్దు, ఫ్రీ. వాళ్ళు తప్పులు దిద్దరు, నీ పేపర్ నువ్వే పైకి చదువు అంటారు. చదువుతుంటే ఊపిరి ఆడని వాక్యాలన్నీ మనకే తెలుస్తాయి. ఆ "ది" ఎక్కడ పెట్టాలి "ఎ" ఎక్కడ పెట్టాలి అన్నది మాత్రం నాకు ఇప్పటికీ సగం గుడ్డిదెబ్బే, తెలుగులో లేని వస్తువు కదా మరి.

ఒక స్టార్ ఎందుకు కట్ చేశానంటే, పీర్ రివ్యూ, అంటే క్లాస్‌మేట్లు ఒకరి పేపర్ ఒకరు చదివి చెప్పడం, శుద్ధ దండగ, పద్దెనిమిదేళ్ళ పిల్లలు "గుడ్ జాబ్" అని రాసి ఫోన్ తీస్తారు. రెండో పేపర్ మార్కులు మూడోది సబ్మిట్ చేశాక వచ్చాయి, ఇంక ఏం సరిదిద్దుకుంటాం? 90 డాలర్లు పెట్టి ఆన్‌లైన్ పాఠాలు తెరిచే యాక్సెస్ కోడ్ కొనిపించి రెండుసార్లు తెరిపించారు, ముందు క్లాసుకి వెళ్ళి అవసరమో కాదో అడిగి కొనండి.

చేరేవాళ్ళు 8 వారాల ఆన్‌లైన్ సెక్షన్ తీసుకోకండి, మా ఫ్రెండ్ తీసుకుని పేపర్ వెనక పేపర్‌తో ఏడ్చింది. టెక్సాస్ కమ్యూనిటీ కాలేజీల్లో ఈ కోర్సు నంబర్ ఒకటే, తర్వాత అక్కడి పబ్లిక్ యూనివర్సిటీకి మారినా పనికొస్తుంది. నేను దీని తర్వాతి కోర్సు 1302కి ఆ మేడం దగ్గరే రిజిస్టర్ చేశా.