విగ్గా, కత్తెరా, సీసానా: 1810 లండన్‌లో ఏది మేలు?

1810 ప్రాంతంలో లండన్‌లో జుట్టు పని నేర్చినవాడికి మూడు దారులుండేవి: విగ్గులు కట్టడం, జుట్టు కత్తిరించడం, తలనూనెలూ సెంట్లూ అమ్మడం. చాలా కొట్లలో మూడూ కలిసే నడిచేవి. చేతిలో ఉన్న కాస్త డబ్బు దేనిమీద పెట్టాలన్నదే చిక్కు.

విగ్గుకు అప్పటికే రోజులు బాగోలేవు. అంతకుముందు తరం పెద్దమనుషులు విగ్గన్నా పెట్టేవాళ్లు, సొంత జుట్టుకు కొవ్వు రాసి తెల్లపొడన్నా చల్లించుకునేవాళ్లు. 1795లో ప్రధాని పిట్ ఆ పొడి వాడేవాళ్లమీద ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు, పన్ను వేశాడు. పొడి తయారయ్యేది గోధుమ గంజిపిండితో. ఆ ఏడు గోధుమలకే కటకట. బెడ్‌ఫర్డ్ డ్యూక్ లాంటివాళ్లు పొడి మానేసి జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నారు. 1808లో సైన్యం కూడా సిపాయిల జడలు తీసేయించింది.

విగ్గులకు మిగిలిన గట్టి గిరాకీ కోర్టే. తర్వాత అక్కడా తిరకాసు వచ్చిపడింది. 1822లో హంఫ్రీ రేవెన్స్‌క్రాఫ్ట్ గుర్రపు వెంట్రుకలతో చేసిన లాయరు విగ్గుకు పేటెంటు తీసుకున్నాడు. దానికి పొడి అక్కర్లేదు, మళ్లీ మళ్లీ రింగులు తిప్పక్కర్లేదు. లాయరుకు హాయే. పాత విగ్గులకు సేవలు చేసి బతికేవాడికి మాత్రం పొట్ట కొట్టినట్టే.

కత్తెర నయం. పెట్టుబడి తక్కువ, పొట్టిజుట్టు ఫ్యాషన్ కూడా. అయితే ఒకసారి కత్తిరించాక ఆ తల మళ్లీ కొన్ని వారాలకుగానీ రాదు.

సీసా, అంటే తలనూనెలూ సెంట్లూ, అలా కాదు, కుర్చీలో కూర్చోని మనిషికి కూడా అమ్ముకోవచ్చు. పైగా 1786లో సెంట్లమీద వేసిన పన్ను 1800లోనే పోయింది. జేమ్స్ అట్కిన్సన్ 1799లో కంబర్లాండ్ నుంచి ఎలుగుబంటిని వెంటబెట్టుకొచ్చి, జుట్టుకు రాసుకునే, గులాబీ వాసన కలిపిన ఎలుగు కొవ్వు అమ్మాడని అతని పేరుతో ఉన్న సెంట్ల కంపెనీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. కొట్టుముందు ఎలుగుబంటి ఉంటే వేరే ప్రచారమెందుకు! రోలండ్ మకాసర్ అనే తలనూనె సీసా మూడున్నర షిల్లింగులకు అమ్మేవారు. ఆరు సీసాలు అమ్మితే ఒక గినీ. దాన్ని అమ్మింది పత్రికల్లో ప్రకటనలే. నకిలీల బెడద ఎంతంటే, సంతకం చూసి కొనమని ఆ ప్రకటనల్లోనే హెచ్చరించేవాళ్లు.

నన్నడిగితే సీసాకే ఓటు. కుర్చీని మాత్రం తీసేయకూడదు, నూనె కొనమని చెప్పడానికి కత్తెర కింద తలవంచి కూర్చున్నవాడికంటే మంచి బేరం దొరకదు. విగ్గు జోలికి పోవాలంటే కొట్టు లాయర్లుండే పేటలోనే ఉండాలి.