పిల్లలతో పాత రైలు సొరంగానికి: బెంగళూరులో దొరికే హెడ్‌ల్యాంపుల్లో ఏది కొనాలి?

వాడకం మానేసిన రైలు సొరంగం చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్లే బెంగళూరు తెలుగువాళ్లు బూట్లూ నీళ్లూ బాగానే సర్దుకుంటారు. లైటు దగ్గర మాత్రం డబ్బా మీది ల్యూమెన్ (వెలుగు ఎంతో చెప్పే కొలత) అంకె చూసి మోసపోతారు. పిల్లల లైటుకి కావాల్సింది ఆ అంకె కాదు. నుదుటి మీద బరువు పడకూడదు, అడుగు వేసేచోట వెలుగు వెడల్పుగా పరుచుకోవాలి, ఆరిపోయేముందు సూచన ఇవ్వాలి. ఎస్పీ రోడ్డు దుకాణాల్లో, స్పోర్ట్స్ షోరూముల్లో, ఆన్‌లైన్‌లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు.

మూడు ఏఏఏ సెల్స్ వేసే మామూలు ఎల్‌ఈడీ హెడ్‌ల్యాంప్: పిల్లలకి ఇదే కొనండి. ఒక్కో ఆల్కలైన్ సెల్ 11, 12 గ్రాములే, కాబట్టి మూడూ వేసినా పట్టీ కిందికి జారదు. 100 నుంచి 150 ల్యూమెన్లు చాలు. దీని అసలు గుణం ఆరిపోయే తీరులో ఉంది. ఆల్కలైన్ సెల్ వోల్టేజి కొద్దికొద్దిగా పడుతుంది, లైటు మెల్లగా మసకబారుతుంది. సెల్స్ మార్చుకోవడానికి బోలెడంత వ్యవధి దొరుకుతుంది. 'హెవీ డ్యూటీ' అని రాసి ఉండే చవక జింక్ సెల్స్ మాత్రం వద్దు. ఆల్కలైన్‌లో సగం సేపు కూడా రావు, పైగా కారిపోయి స్ప్రింగులను తినేస్తాయి. పాతవీ కొత్తవీ కలిపి వేయకండి, నీరసించిన సెల్ మిగతా రెండింటి ఒత్తిడికి కారుతుంది. రీచార్జబుల్ ఏఏఏ సెల్స్ 1.2 వోల్టులే కాబట్టి మొదట్లో వెలుగు కాస్త తక్కువగా అనిపిస్తుంది, కానీ చాలాసేపు నిలకడగా ఉంటుంది. అవీ మంచివే.

టైప్‌-సి చార్జింగ్ లైటు: పెద్దవాళ్లకి సరే, పిల్లలకి రెండో ఎంపిక. లోపలి లిథియం బ్యాటరీ అడుగంటగానే రక్షణ సర్క్యూట్ దాన్ని ఒక్కసారిగా కట్ చేస్తుంది. చాలా చవక మోడళ్లలో ముందస్తు హెచ్చరిక ఉండదు, సొరంగం మధ్యలో చీకటి పడిపోతుంది. బ్యాటరీ బయటికి రాదు కాబట్టి అక్కడ చేయగలిగేదీ లేదు. వీటిలో చాలావాటికి చెయ్యి ఊపితే వెలిగే సెన్సర్ ఉంటుంది. జుట్టు సర్దుకున్న ప్రతిసారీ పిల్లల లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. సెన్సర్ ఆపేసే బటన్ లేని మోడల్ కొనొద్దు.

18650 అనే లావుపాటి లిథియం బ్యాటరీతో వచ్చే పెద్ద జూమ్ లైటు పిల్లల తలకి ఎక్కించకండి. ఒక్కో బ్యాటరీ 45 గ్రాములకు పైనే, అలాంటివి రెండు, దానికి తోడు అల్యూమినియం తల. ఇంకో సంగతి: ఈ సైజు బ్యాటరీలో నిజంగా పట్టేది దాదాపు 3,500 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం కొలత). దాని మీద 9,900 అని అచ్చేసి ఉంటే ఆ అంకె అబద్ధం, ఆ బ్యాటరీని పిల్లల దగ్గర పెట్టకపోవడమే మంచిది. జూమ్ లైటు వెలుగు సన్నగా దూరంగా పడుతుంది, కాళ్ల దగ్గర గుంత కనబడదు.

బటన్ సెల్స్‌తో వచ్చే బొమ్మ హెడ్‌ల్యాంపులు చిన్నపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. మూతకి స్క్రూ లేకపోతే సెల్ ఊడివస్తుంది. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోయే ప్రమాదం ఉంది.

డబ్బా మీది గంటల లెక్క చదివే పద్ధతి తెలియాలి. టార్చిలైట్ల పరీక్షకి వాడే ఎఫ్‌ఎల్1 ప్రమాణం ప్రకారం, వెలుగు మొదటిదానిలో 10 శాతానికి పడిపోయేదాకా పట్టే సమయాన్ని రన్‌టైమ్ అంటారు. 100 ల్యూమెన్ల లైటుకి 40 గంటలు అని ఉంటే, 40వ గంటలో మిగిలేది 10 ల్యూమెన్లు. ఆ 40 గంటల్లో మూడో వంతే మీదని లెక్కేసుకోండి. ఐపీఎక్స్4 అంటే చిమ్మే నీటిని తట్టుకుంటుంది, కాలువలో పడితే కాదు. పైకప్పు నుంచి కారే చుక్కలకి అది సరిపోతుంది.

ఇంట్లో తెల్లగోడ మీద వేసి చూసి తృప్తిపడకండి. ఆవిరి ఇంజన్లు తిరిగిన సొరంగంలో ఇటుకలు మసిపట్టి నల్లగా ఉంటాయి, వెలుగు తిరిగి రాదు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో లైట్లు లేని మూలలో, నల్లటి బట్ట పరిచి దాని మీద వేసి చూడండి. పట్టీ పొడవునూ అక్కడే సరిచూడండి. ఐదేళ్ల పిల్లల తల చుట్టుకొలత 50 సెంటీమీటర్ల అటూఇటూ ఉంటుంది, పెద్దల పట్టీల్లో కొన్ని పూర్తిగా బిగించినా వదులుగానే ఉంటాయి. హెల్మెట్ పెడితే నున్నటి ప్లాస్టిక్ మీద పట్టీ జారుతుంది, రెండు వైపులా జిప్ టై వేయండి. హెల్మెట్ తప్పనిసరి. రాలే ఇటుకలు ఎక్కువగా సొరంగం రెండు ముఖద్వారాల దగ్గరే, చెట్ల వేళ్లూ వాననీళ్లూ సందుల్లోకి దిగేచోట ఉంటాయి.

లోపలికి వెళ్లాక పిల్లలు కంకరను తన్నుతూ నడుస్తారు, దుమ్ము లేస్తుంది. నుదుటి లైటు కళ్లకి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ దుమ్ము మీద పడి తిరిగి కళ్లలోకే కొడుతుంది, ఎదురుగా తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. ల్యూమెన్లు పెంచితే తెర ఇంకా దట్టమవుతుంది. నడుము ఎత్తులో పట్టుకునే ఒక చేతి టార్చి దీనికి మందు. మనిషికొక హెడ్‌ల్యాంపు, ముందు నడిచేవారికీ వెనక నడిచేవారికీ ఒక్కో చేతి టార్చి, ప్రతి లైటుకీ సరిపడా ఒక సెట్టు కొత్త సెల్స్. సెల్స్ మార్చేటప్పుడు వేరేవాళ్లు వెలుగు పట్టాలి. బయట ఎండలోంచి నేరుగా నడిపించకండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటుపడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, కనీసం పది నిమిషాలు నీడలో కూర్చోబెట్టండి. లైటును కిందికి వంచి పెట్టడం నేర్పండి, లేకపోతే మాట్లాడిన ప్రతిసారీ ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది.

గబ్బిలాలు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. వాటి రెట్టలో పెరిగే ఫంగస్ దుమ్ముతోపాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ముఖద్వారం కమాను కింద పెద్ద తేనెపట్టు ఉంటే లైటు దానివైపు తిప్పొద్దు, తేనెటీగలు వెలుగు మీదికే వస్తాయి. ముఖానికి గాలి తగలకపోయినా లోపలికి వెళ్లొద్దు. కాల్కా–సిమ్లా మార్గంలో బరోగ్ దగ్గర రెండు వైపుల నుంచి తవ్వి, కలవక వదిలేసిన సొరంగంలాంటి వాటిలో గాలి ఆడదు. కూలి మూసుకుపోయిన వాటిలోనూ అంతే.

ఇక ఎక్కడికి వెళ్తారన్నది. బెంగళూరులో ఇప్పటికీ చాలామంది సకలేశపుర–సుబ్రహ్మణ్య రోడ్ సొరంగాల గురించి అడుగుతారు. గేజ్ మార్పిడి (పట్టాల మధ్య వెడల్పు మార్చడం) కోసం రైళ్లు ఆగిన ఏళ్లలో అక్కడ నడిచినవాళ్ల మాటలు విని వెళ్లకండి, ఇప్పుడు అది రైళ్లు తిరిగే లైను. వంపు సొరంగంలో రైలు వస్తే పిల్లలతో పక్కకి తప్పుకునే చోటు దొరకదు. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మన వైపు నంద్యాల–గిద్దలూరు మధ్య నల్లమలలో మీటర్‌గేజ్ కాలపు దొరబావి వంతెన స్తంభాలు చూడాలనుకుంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి. వాడని లైన్ల భూమి కూడా చాలాచోట్ల రైల్వేదే, కాబట్టి స్థానిక అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా బయల్దేరకండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా లోపల నీళ్లు నిలుస్తాయి, ఆ నెలలు వదిలేయండి.

ఇంటికి రాగానే ఏఏఏ సెల్స్ బయటికి తీసేయండి, పట్టీ ఉతికి నీడలో ఆరేయండి. చార్జింగ్ లైటును మాత్రం ఖాళీగా అటక మీద పడేయకుండా సగం చార్జి పెట్టి ఉంచాలి.