చెన్నై నుంచి అండమాన్: ఫ్లైట్ రెండుంపావు గంటలే, ప్రయాణం మాత్రం రోజంతా

మా వేళచ్చేరి ఫ్లాట్స్‌లో అండమాన్ మాట ఎత్తితే చాలు, ఎంత దూరం, ఎంతసేపు అనే మొదటి ప్రశ్న. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (2024లో శ్రీ విజయపురం అని మార్చారు, జనం నోట ఇంకా పాత పేరే) గాల్లో 1,370 కిలోమీటర్ల దాకా ఉంటుంది, డైరెక్ట్ ఫ్లైట్ అయితే రెండుంపావు గంటలు అటూఇటూ. ఢిల్లీ కన్నా దగ్గరే అన్నమాట.

కానీ ఆ లెక్క నమ్ముకుని లేట్ ఫ్లైట్ తీసుకుంటే ఒక రోజు గోవిందా. ఎందుకంటే అక్కడ కూడా మన టైమే, సూర్యుడు మాత్రం మనకంటే ముప్పావు గంట పైనే ముందుంటాడు, డిసెంబర్‌లో ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది, పైగా మధ్యాహ్నం రెండు మూడు దాటితే పక్కనున్న హేవ్‌లాక్ దీవికి బోట్లు దొరకడం కష్టం. అందుకే మేం తెల్లారుజాము ఫ్లైటే పట్టుకున్నాం. ఆ టైమ్‌కి మెట్రో ఉండదు, క్యాబే గతి. దిగేముందు కిటికీలోంచి చూస్తే అడవి తిన్నగా నీళ్ళ అంచుదాకా వచ్చేసి ఉంటుంది, అంచున నీళ్ళు లేత ఆకుపచ్చ, కాస్త అవతల ముదురు నీలం, ఆ ఐదు నిమిషాలకే విండో సీటు డబ్బులు వసూల్.

ఓడ సంగతీ చాలామంది అడుగుతారు. చెన్నై పోర్టు నుంచి గవర్నమెంట్ ఓడలున్నాయి, దాదాపు మూడు రోజులు పడుతుంది. రిటైరైనవాళ్ళకి ఓకే, లీవు లెక్కపెట్టుకునేవాళ్ళకి కాదు.

హేవ్‌లాక్‌కి ప్రైవేట్ ఫెర్రీలో గంటన్నర, గవర్నమెంట్ బోటులో రెండున్నర. ప్రైవేట్‌ది ఏసీ, కానీ తలుపులన్నీ మూసేస్తారు, ఉప్పు మరకల అద్దంలోంచి సముద్రం సరిగ్గా కనపడదు, అల లేస్తే ముందు సీట్లవాళ్ళు వరసగా కవర్లు తీస్తారు. మేమెక్కిన కంపెనీవాళ్ళు గంట లేటు చేసి కారణం కూడా చెప్పలేదు. గవర్నమెంట్ బోటుకి రేటు తక్కువ, డెక్ మీద గాలి, నా ఓటు దానికే, టికెట్ దొరికితే.

స్టే విషయంలో ఒక్కటి చూసుకోండి. హేవ్‌లాక్‌లో ఐదో నంబర్ బీచ్ వైపు రిసార్టులు బీచ్ ఫ్రంట్ అని బాగా గుంజుతాయి, తీరా పోటు తగ్గితే నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయి పగడపు రాళ్ళు తేలతాయి, ఈత కుదరదు. పొద్దున్నే సూర్యోదయానికి మాత్రం అటువైపే బావుంటుంది. మునగాలంటే రాధానగర్ బీచ్, ఇసుక పిండిలా ఉంటుంది, కానీ జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్లు, స్కూటీ అద్దెకి తీసుకుంటే ఆటోవాళ్ళతో బేరాలు తప్పుతాయి.

పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులర్ జైలు చూడకుండా రాకండి. ఏడు వింగుల్లో మూడే మిగిలాయి, ఒక్క సెల్‌లో నిలబడితే ఎదురుగా కనపడేది అవతలి వింగు వెనక గోడే, ఒకళ్ళ ముఖం ఒకళ్ళకి కనపడకుండా అలా కట్టారట.

భాష బెంగ అక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడినోళ్ళు బోలెడు, మా మాటలు విని ఆటో ఆయన వెనక్కి తిరిగి "ఏం బాబూ, మనోళ్ళేనా" అని అడిగి, మెస్ దాకా తీసుకెళ్ళి దింపాడు. పప్పు, చేపల పులుసు, అప్పడం. రిసార్ట్ బఫే కన్నా వంద రెట్లు నయం.