రెండు వరుసల క్యాలిక్యులేటర్: ఏడో తరగతి లెక్కల్లో చాన్నాళ్లు వాడాక

ఈ సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌లో సైన్, కాస్, లాగ్ ఉంటాయని అందరికీ తెలిసిందే. మా పిల్లలు ఆ మీటల జోలికి పోరు. పలాస దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెప్తాను. ఇన్నాళ్లుగా దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే. కొట్టిన లెక్క మొత్తం పై వరుసలో అలాగే ఉంటుంది, జవాబు కింద వస్తుంది. ఈక్వల్ నొక్కేశాక కూడా బాణం మీటతో వెనక్కెళ్లి ఆ లెక్కను దిద్దుకోవచ్చు. బ్రాకెట్లు, ఘాతాంకాలు చెప్పేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే వస్తువు నాకు దొరకలేదు.

ఆ మాట ఎందుకన్నానో తెలియాలంటే జీడిపిక్కల లెక్క చెప్పాలి. మా వైపు పిక్కల బస్తా అంటే 80 కిలోలు. విడిగా 25 కిలోలు, పైన 3 బస్తాలు ఉంటే మొత్తం ఎన్ని కిలోలని అడిగాను. 25+3×80 అని రాసుకున్నారు. ఒకమ్మాయి వాళ్ల నాన్న దుకాణంలో వాడే మామూలు క్యాలిక్యులేటర్ తెచ్చుకుంది. దాంట్లో 2240 వచ్చింది. సైంటిఫిక్‌లో 265. క్లాసు రెండు జట్లయింది. దుకాణం మిషనే కరెక్టు అన్నవాళ్లే ఎక్కువ. రోజూ డబ్బులు లెక్కేసేది దాంతోనే కదా! బోర్డు మీద బోడ్మాస్ (ముందు బ్రాకెట్లు, ఆపైన గుణకార భాగహారాలు, చివర కూడికలు, తీసివేతలు అనే వరుస) అని రాసేస్తే గొడవ అక్కడితో తీరిపోయేది. కావాలనే ఊరుకున్నాను.

వెనక బెంచీ కుర్రాడొకడు బాణం నొక్కుకుంటూ 25 దగ్గరికి వెళ్లాడు. షిఫ్ట్ నొక్కి, ఇన్సర్ట్ పెట్టి, ముందు బ్రాకెట్ తెరిచాడు. 3 తర్వాత మూశాడు. (25+3)×80. ఈక్వల్. 2240.

"దుకాణం మిషను దానంతటదే బ్రాకెట్ ఎట్టీసింది మాస్టారూ!" అని కేక పెట్టాడు.

జరిగేది సరిగ్గా అదే. మామూలు క్యాలిక్యులేటర్ లెక్క చివరిదాకా ఆగదు. ఇంటూ మీట నొక్కగానే అప్పటిదాకా ఉన్న 25+3ను 28 చేసేస్తుంది. ఆ 28 కిలోలా, బస్తాలా అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి దుకాణం వాళ్ల అమ్మాయే, "ముందు బస్తాల్ని కిలోలు చెయ్యాల" అంది. గుణకారం ముందెందుకు చేయాలో ఆ క్లాసుకు నేను మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

ఘాతాంకాల దగ్గరా ఇదే ఉపాయం. 2×3² ఇస్తే మొదట్లో చాలామంది 36 అంటారు. తెర మీద 18 చూసి, వెనక్కెళ్లి, (2×3)² చేసి 36 రప్పించుకుంటారు. ఘాతాంకం పక్కనున్న 3కే చెందుతుందని, మొత్తానికి చెందాలంటే బ్రాకెట్ కావాలని వాళ్లకే అర్థమవుతుంది. −3² అంటే −9, (−3)² అంటే 9 అన్నదీ అలాగే తేలింది. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలకు మాత్రం ముందే చెప్పి ఉంచాలి. ఎక్సెల్‌లో =-3^2 కొడితే 9 వస్తుంది, అది మైనస్ గుర్తును ముందు చూస్తుంది. పరీక్షలో రాయాల్సింది −9.

ఇంత మెచ్చుకున్నాను గానీ, దీనికో పాడు అలవాటు ఉంది. చివర బ్రాకెట్ మూయకపోయినా ఏమీ అనదు. 4×(7−(2+3 అని వదిలేసి ఈక్వల్ నొక్కినా 8 అని చూపిస్తుంది, మిగిలినవి తనే మూసుకుంటుంది. కొన్నాళ్లకు నోటుపుస్తకాల్లోనూ తెరిచిన బ్రాకెట్లు తెరిచినట్టే కనబడసాగాయి. అంతకంటే నష్టం మధ్యలో మరిచిపోతే. 4×(7−2)+3 అయితే 23. 2 తర్వాత మూయడం మరిస్తే 32 వస్తుంది, ఎర్రర్ రాదు. అందుకే తెరిచినవెన్ని, మూసినవెన్ని పైకి లెక్కపెట్టాకే ఈక్వల్ నొక్కాలని మా క్లాసులో రూలు పెట్టాను.

ఘాతాంకం చిన్నగా పైన కనబడదు, అదో లోటు. 2^3+1 అని ఒకే వరుసలో వస్తే కొందరు 3+1 కలిపేసి 16 అంటారు. జవాబు 9. పుస్తకంలో ఉన్నట్టే చూపించే రకాలు ఉన్నాయి, ఖరీదు కాస్త ఎక్కువ. నేనింకా అటు మారలేదు. భిన్నంలో గీత పైన 8+4, కింద 2+1 ఉంటే జవాబు 4. ఆ గీతే బ్రాకెట్ పని చేస్తుంది. ఇందులో 8+4÷2+1 అని కొడితే 11 వస్తుంది. పైదానికో బ్రాకెట్, కిందిదానికో బ్రాకెట్ పిల్లలే పెట్టుకోవాలి. నాకు కావలసిందీ అదే.

అలాగని అందరినీ కొనమనలేను. మా క్లాసు చిన్నది, నలుగురికొకటి ఇచ్చి పక్కనే తిరగగలను. అరవైమంది ఉన్నచోట ఇది ఎలా సాగుతుందో మరి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి ఎక్కాలు రాని పిల్లల చేతికి ముందే ఇవ్వకపోవడం మంచిది. ఏడో తరగతికి చేత్తో చేయించి, జవాబు రాశాకే ఇస్తున్నాను.