సహజ సున్నం పేరుతో అక్రిలిక్ అంటగడుతున్నారు, అడ్వాన్స్ ఇచ్చే ముందు చూసుకోండి

ఇంట్లో సున్నపు గిలాబు, సున్నపు రంగులు, టాడెలాక్ట్ లాంటి నునుపు ఫినిష్‌లు వేయించుకోవాలనుకుంటున్నవాళ్లు ఈ పోస్టు పూర్తిగా చదవండి. మాకు జరిగింది మీకు జరగకూడదని రాస్తున్నాను.

"వంద శాతం సహజం, గోడకి గాలాడుతుంది, చెమ్మ నిలవదు" అని చెప్పి ఒక కాంట్రాక్టర్ మా హాలుకీ, బాత్రూమ్ బయటి గోడకీ ఫినిష్ వేశాడు. మామూలు పెయింట్‌కి నాలుగింతలు తీసుకున్నాడు. చూడ్డానికి బాగానే ఉండింది. వానలు మొదలయ్యాక బాత్రూమ్ గోడ కింది భాగంలో పొక్కులు లేచాయి. ఒక పొక్కుని గోటితో గిల్లితే పెచ్చుగా విరగలేదు, పొడిగా రాలలేదు. పల్చటి ప్లాస్టిక్ కాగితంలా సాగుతూ వచ్చింది. దాని వెనక గోడంతా తడి, తెల్లగా ఉప్పు పూసి ఉంది. ఊడిన ముక్కకి లైటర్ అంటిస్తే ముడుచుకుపోయి నల్లబడింది, ప్లాస్టిక్ కాలిన వాసన కొట్టింది. సున్నం ఎక్కడైనా అలా కాలుతుందా?

అడిగితే, "మీ గోడలోనే చెమ్మ ఉంది, మా తప్పేం లేదు" అన్నాడు. చెమ్మ ఉందనే కదా సున్నం కోరింది! సున్నపు పూతలోంచి చెమ్మ ఆవిరై బయటికి పోతుంది. అక్రిలిక్ అంటే ఒక రకం ప్లాస్టిక్, దాని పొర చెమ్మని లోపలే ఆపేస్తుంది, అందుకే పొక్కులు. గట్టిగా పట్టుబడితే, సరుకులో ఏమేం ఉన్నాయో రాసిన డేటా షీట్ పంపారు. అందులో బైండర్ (పూతని గోడకి పట్టించే జిగురు) అన్నచోట అక్రిలిక్ ఎమల్షన్ అని ఉంది, ఫిల్లర్ (నింపుడు సరుకు) అన్నచోట కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పొడి. "సున్నపురాయి పొడి ఉంది కదండీ, అది సున్నమే" అని సమర్థించుకున్నారు.

మోసమంతా ఈ మాటలోనే ఉంది. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్చిన సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే అది కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. గోడకెక్కాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. గోడని పట్టుకునే బలం ఆ మార్పులోంచే వస్తుంది. కాల్చని రాతిపొడికి ఆ బలం లేదు, ఇసుకలాగా అది ఉత్త నింపుడు సరుకు. మామూలు పెయింట్లలో కూడా వేస్తారు.

ఇంకో మాయ. కొనేముందు అతను శాంపిల్ పలకని గీకి, ఆ పొడి మీద వెనిగర్ చుక్క వేసి, నురగ రాగానే "చూశారా, అసలైన సున్నం" అన్నాడు. రాతిపొడి మీద వేసినా నురగ వస్తుంది, సిమెంట్ మీదా వస్తుంది. వెనిగర్‌తో ఏమీ తేలదు. నీళ్ల చుక్క నయం: కొత్త సున్నపు పూత నీటిని పీల్చుకుని ముదురుగా మారి, ఆరాక మళ్లీ లేతగా అవుతుంది. నీళ్లు పూసల్లా నిలిచి జారిపోతే అనుమానించండి. టాడెలాక్ట్‌కి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. మొరాకోకి చెందిన ఆ పద్ధతిలో సున్నపు గిలాబుని నున్నటి రాయితో రుద్ది రుద్ది, ఆలివ్ నూనె సబ్బు పట్టిస్తారు. సబ్బు సున్నంతో కలిసి నీటిని ఆపే పొరగా మారుతుంది. చాలా ఓపికతో చేసే పని అది. పైన రోలర్‌తో వార్నిష్ కొట్టేసి టాడెలాక్ట్ అంటే నమ్మకండి.

హాల్లో ఒక గోడకి మాత్రం నిజంగానే సున్నపు గిలాబు వేశారు, అదీ తొందరపాటు పనే. కొన్నాళ్లకి గోడ మీద చిన్న చిన్న గుంటలు పడ్డాయి, ఒక్కో గుంట అడుగున తెల్లటి గింజ. సున్నం సరిగ్గా నానకపోతే లోపల మిగిలిన కాల్చిన సున్నపు పలుకులు తర్వాత చెమ్మ తగిలి ఉబ్బి, పైపొరని పగలగొడతాయి. సున్నాన్ని జల్లెడ పట్టారా, ఎన్నాళ్లు నానబెట్టారు అని అడగండి. సాయంత్రానికే రాయిలా గట్టిపడితే అందులో జిప్సమో సిమెంటో కలిపి ఉండొచ్చు. జిప్సం తడి తగిలే గోడకి అసలు పనికిరాదు.

అందుకని "సహజమేనా?" అని అడగొద్దు, అవునంటారు. "బైండర్ ఏంటి? పాలిమర్, అంటే అక్రిలిక్ లాంటి ప్లాస్టిక్, ఎంత శాతం?" అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే వదిలేయండి. ముందు గోడ మూలలో చిన్న ముక్క వేయించి, బాగా ఆరనిచ్చి, తడిపి, గీకి చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి. ముడి సున్నం సంచులు కొంటే సున్నానికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 712 లేదా యూరప్ ప్రమాణం ఈఎన్ 459 వాటి మీద ఉందేమో చూడండి. తడిసున్నం చాలా ఘాటైన క్షారం, కళ్లలో పడితే ప్రమాదం. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇప్పటికే గోడకి పొక్కులు వస్తున్నవాళ్లు దాని మీద ఇంకో కోటు వేయించకండి, కాంట్రాక్టర్ ఉచితంగా వేస్తానన్నా సరే. డబ్బా లేబుల్, ఊడిన ముక్కలు, గోడ ఫొటోలు, బిల్లు దాచిపెట్టండి, ఫిర్యాదు చేసేటప్పుడు కావాలి. తర్వాత ఆ ప్లాస్టిక్ పొర మొత్తం గీకించేసి, చెమ్మ పైపు లీకు వల్లనా, బయట మట్టి గోడకి ఆనుకుని ఎత్తుగా ఉండటం వల్లనా చూసుకుని, అది సరిచేసి గోడ ఆరాకే అసలు సున్నం వేయించండి.