డ్రమ్ స్వరలిపికి లిలీపాండ్: పేర్లలో బలం, అమరికలో చిక్కు

లిలీపాండ్‌లో సంగీతాన్ని మౌస్‌తో గీయరు. అక్షరాలలో రాసి ఇస్తే, అది ముద్రణకు సిద్ధమైన పేజీని తయారుచేస్తుంది. హాన్-వెన్ నీన్‌హైస్, యాన్ న్యూవెన్‌హైజెన్ 1996లో ప్రారంభించిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ గ్నూ ప్రాజెక్టులో భాగం. దాని గుణగణాలన్నిటినీ పరిశీలించడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. డ్రమ్ కిట్ కోసం రాసే సుదీర్ఘమైన స్వరలిపికి అది ఎంతవరకు పనికివస్తుందన్నదే ఈ సమీక్ష విషయం. పేజీ మీద కనిపించే ఫలితం అత్యుత్తమంగా ఉంటుంది, కానీ కోడ్‌ను ఒక క్రమంలో పెట్టుకునే బాధ్యతను సాఫ్ట్‌వేర్ పూర్తిగా మనకే వదిలేస్తుంది. ఆ క్రమం మొదటి రోజే కుదరకపోతే, పాట పెరిగేకొద్దీ సవరణ కష్టమవుతుంది.

ముందుగా నాకు అత్యంత నచ్చిన అంశం. డ్రమ్‌మోడ్ అనే ప్రత్యేక పద్ధతిలో స్వరస్థానాలకు బదులు వాద్యాల పేర్లు రాస్తాము: బేస్ డ్రమ్‌కు ‘బీడీ’, స్నేర్‌కు ‘ఎస్ఎన్’, హై-హ్యాట్‌కు ‘హెచ్‌హెచ్’ అనే పొట్టి పేర్లు ఉన్నాయి, కావాలంటే పూర్తి పేర్లు కూడా వాడవచ్చు. ఏ దెబ్బను ఏ గీత మీద, ఏ ఆకారపు నోట్ తలతో ముద్రించాలన్నది ఈ కోడ్‌లో ఎక్కడా ఉండదు; దాన్ని డ్రమ్ స్టైల్ టేబుల్ అనే వేరే పట్టిక నిర్ణయిస్తుంది. సహజంగా వచ్చే పట్టిక హై-హ్యాట్‌ను అయిదు గీతల లోపల, అన్నిటికన్నా పైన ఉన్న ఖాళీలో పెడుతుంది. దాన్ని పై గీతకు పైన చదవడానికి అలవాటుపడిన వారికి ఇది ఇబ్బందిగా ఉంటుంది. అయితే అగోస్టిని, వైన్‌బర్గ్ అనే ఇతర డ్రమ్ స్వరలిపి పద్ధతుల పట్టికలు సిద్ధంగా ఉన్నాయి, సొంత పట్టిక రాసుకోవడం కూడా సులభమే. ఒక్కో వరుసలో వాద్యం పేరు, తల ఆకారం, దానికి జత కావలసిన గుర్తు, మధ్య గీతను సున్నాగా లెక్కించినప్పుడు వచ్చే స్థానం, అంతే. పట్టిక మారిస్తే పాట మొత్తం కొత్త పద్ధతిలో ముద్రితమవుతుంది, సంగీతపు కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారదు. అందుకే పట్టికను ఒక ప్రత్యేక ఫైల్‌లో ఉంచి, ప్రతి పాటలోనూ ఇన్‌క్లూడ్ కమాండ్‌తో తెచ్చుకోవడం మేలు. అదనపు వాద్యాలకు పెట్టే కొత్త పేర్లు, వాటి మిడి (కంప్యూటర్‌లో వినడానికి తయారయ్యే ఫైల్) శబ్దాలు కూడా ఆ ఫైల్‌లోనే ఉండాలి.

ఇక అసలు చిక్కు. డ్రమ్ స్వరలిపిలో సాధారణంగా చేతులు వాయించేది నోట్ల కాడలు పైకి, కాళ్లు వాయించేది కాడలు కిందికి ఉండేలా రెండు వాయిస్‌లుగా (ఒకే గీతల మీద ఏకకాలంలో సాగే వరుసలుగా) రాస్తారు. లిలీపాండ్‌లో ఇందుకు చాలామంది అనుసరించే మార్గం, పాట మొత్తానికి చేతుల కోసం ఒక పొడవైన వేరియబుల్ (పేరు పెట్టి దాచుకునే కోడ్ ముక్క), కాళ్ల కోసం మరొకటి రాసి, చివరలో రెండింటినీ డ్రమ్‌స్టాఫ్ అనే ఒకే అయిదు గీతల వరుసలో కలపడం. చిన్న పాఠానికి ఇది సరిపోతుంది కానీ పూర్తి పాటకు నేను దీన్ని సిఫారసు చేయను. వాయించేవారు ఒక బార్‌ను (తాళపు ఒక ఆవృత్తిని) చేతులూ కాళ్లూ కలిసిన ఒకే కదలికగా ఆలోచిస్తారు. రెండో కోరస్‌లో బేస్ డ్రమ్ దెబ్బ ఒకటి మార్చేటప్పుడు దానికి ఎదురుగా స్నేర్ ఎక్కడ పడుతోందో చూడాలంటే ఫైల్‌లో మరో మూలకు వెళ్లవలసి వస్తుంది. దానికి బదులు వర్స్, కోరస్, బ్రిడ్జ్ అంటూ విభాగాల వారీగా, ఒక్కో విభాగపు చేతుల భాగాన్నీ కాళ్ల భాగాన్నీ పక్కపక్కనే వేరియబుల్స్‌గా రాసి, చివరలో రెండు డ్రమ్‌వాయిస్‌లలో వరుసగా పేర్చాలి. ప్రతి విభాగంలోనూ రెండు వాయిస్‌లను అక్కడికక్కడే కలిపేస్తే, విభాగం మారినప్పుడల్లా కొత్త వాయిస్‌లు పుడతాయి; అప్పుడు ఒక విభాగం చివరి రోల్‌ను (వేగంగా వరుసగా పడే దెబ్బలను) తర్వాతి విభాగపు మొదటి దెబ్బకు టై అనే వంపు గీతతో కలపడం కుదరదు. టెంపో, తాళ సంకేతం, రిహార్సల్ గుర్తులు మాత్రం ఈ రెండింటిలోనూ కాకుండా, కనిపించని విరామాలతో నిండిన మూడో వేరియబుల్‌లో ఉండాలి.

ఇలా విడగొట్టేటప్పుడు ఒక లక్షణాన్ని తప్పక గుర్తుంచుకోవాలి. దెబ్బకు కాలవ్యవధి రాయకపోతే, ఫైల్‌లో దానికి ముందు రాసిన చివరి వ్యవధినే లిలీపాండ్ తీసుకుంటుంది, ఆ చివరిది వేరే వేరియబుల్‌లో ఉన్నా సరే. కాబట్టి కోరస్‌ను వర్స్ కన్నా పైకి జరిపినంత మాత్రాన ఎనిమిదో వంతు దెబ్బలు పదహారో వంతు దెబ్బలుగా మారిపోవచ్చు. ప్రతి వేరియబుల్ మొదటి దెబ్బకు వ్యవధిని స్పష్టంగా రాయడం, ప్రతి బార్ చివర నిలువు గీతతో బార్ చెక్ పెట్టడం దీనికి పూర్తి నివారణ. బార్ చెక్ ముద్రణలో కనిపించదు, కానీ లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో హెచ్చరిక వస్తుంది. వేరియబుల్ పేర్లలో అంకెలను నేరుగా వాడనివ్వకపోవడం మాత్రం చిరాకు కలిగిస్తుంది. ‘వర్స్1’ అని ఉండవలసిన చోట అంకెను అక్షరాలలో రాయడమే తేలికైన మార్గం.

పునరావృత బార్ల దగ్గర సాఫ్ట్‌వేర్ లోపం నిజంగా బయటపడుతుంది. ఒకే గ్రూవ్ (పదే పదే వచ్చే లయ) నాలుగు బార్లు సాగితే, ముందు బార్‌నే మళ్లీ వాయించమని చెప్పే పర్సెంట్ గుర్తుతో రాయడం డ్రమ్మర్లకు సహజం. కానీ ఆ గుర్తును వేసే యంత్రాంగం వాయిస్ స్థాయిలో పనిచేస్తుంది కాబట్టి, రెండు వాయిస్‌లలోనూ రాస్తే ఒక్కొక్కటి తన గుర్తును తాను వేస్తుంది. చేతుల వాయిస్‌లో మాత్రమే పర్సెంట్ రాసి, కాళ్ల వాయిస్‌లో ఆ బార్లకు కనిపించని విరామాలు పెడితే పేజీ శుభ్రంగా ఉంటుంది, అయితే మిడిలో బేస్ డ్రమ్ మాయమవుతుంది. ట్యాగ్‌లతో (కోడ్‌లో ఒక భాగాన్ని అవసరాన్ని బట్టి ఉంచే లేదా తీసేసే గుర్తులతో) ముద్రణకు ఒక రూపం, మిడికి మరొక రూపం ఉంచడం ద్వారా దీన్ని పరిష్కరించవచ్చు. ఇంత సాధారణమైన అవసరానికి అంత శ్రమ అవసరం కాకూడదని నా అభిప్రాయం. రెండు వాయిస్‌లూ ఒకేసారి ఆగినప్పుడు ఒకదాని మీద ఒకటి కనిపించే విరామ చిహ్నాలను మాత్రం మెర్జ్ రెస్ట్స్ ఇంగ్రేవర్ అనే లిలీపాండ్ భాగం చక్కగా ఒక్కటి చేస్తుంది. దాన్ని డ్రమ్‌స్టాఫ్‌కు జతచేయడం మరచిపోకూడదు.

ఫ్లామ్‌లు (అసలు దెబ్బకు కాస్త ముందు పడే చిన్న దెబ్బతో కూడినవి), కుండలీకరణాలలో ఘోస్ట్ నోట్లు (చాలా మెల్లగా వాయించే దెబ్బలు), తెరిచిన హై-హ్యాట్ గుర్తులు ఇబ్బంది లేకుండా వస్తాయి. ఫ్రెస్కోబాల్డి అనే ఉచిత ఎడిటర్‌ను జతగా వాడితే, ముద్రణ రూపంలో ఒక దెబ్బ మీద నొక్కగానే కర్సర్ కోడ్‌లోని సరైన చోటికి చేరుతుంది; విభాగాలుగా విడగొట్టిన ఫైళ్లలో ఈ సదుపాయం ఎంతో సమయాన్ని ఆదా చేస్తుంది. పాత వెర్షన్‌లో రాసిన కోడ్‌ను కన్వర్ట్-ఎల్‌వై అనే సాధనం చాలావరకు కొత్త రూపానికి మారుస్తుంది, అందుకే ప్రతి ఫైల్ మొదట్లోనూ వెర్షన్ సంఖ్య ఉండాలి.

ఒకటి రెండు పేజీల గ్రూవ్‌ను త్వరగా రాసి ఇవ్వాలనుకునేవారికి మౌస్‌తో పనిచేసే సాఫ్ట్‌వేరే సౌకర్యం. పాఠ్యపుస్తకం రాసే బోధకులకు, ఒకే బ్యాండ్ పాటలన్నిటినీ ఏళ్ల తరబడి సవరిస్తూ నిలుపుకునేవారికి నేను లిలీపాండ్‌నే సూచిస్తాను. వారు మొదటి పాట మొదలుపెట్టకముందే పట్టిక ఫైల్‌ను రాసుకోవాలి.