ఎడిన్‌బరాలో ఒక్క రోజే ఉంటే: కోటా, కొండా, మ్యూజియమా?

మా పిన్ని కొడుకు మాంచెస్టర్‌లో చదువుకుంటున్నాడు. మొన్న ఫోన్ చేసి, "అక్కా, అమ్మా నాన్నా వస్తున్నారు. ఎడిన్‌బరా తీసుకెళ్దామనుకుంటున్నా. శుక్రవారం రాత్రికి చేరతాం, ఆదివారం పొద్దున్నే తిరుగు రైలు. అంటే శనివారం ఒక్కటే మిగులుతుంది. కోటకి టికెట్లు ముందే కొనెయ్యనా?" అని అడిగాడు.

నేనుండేది న్యూకాజిల్‌లో. అక్కడి నుంచి ఎడిన్‌బరాకి రైల్లో గంటన్నర. ఈ ఆరేళ్లలో ఎండలో వెళ్లాను, మంచులో వెళ్లాను, ఒంటరిగా వెళ్లాను, అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. అయినా వాడికి వెంటనే సరే కొనెయ్ అని చెప్పలేకపోయాను. ఆ ఊళ్లో రోజు ఎలా గడుస్తుందనేది ముఖ్యంగా ఆ టికెట్టు మీదే ఆధారపడుతుంది. కోటకు వెళ్తే సగం రోజు దానికే పోతుంది. వెళ్లకపోతే ఆ సగం రోజులో ఇంకో మూడు చోట్లు చూడొచ్చు.

ముందు కోట సంగతి. పెద్దవాళ్లకు టికెట్టు ఇరవై పౌండ్ల పైమాటే. ఎండాకాలంలో ముందే బుక్ చేసుకోకపోతే దొరకదు. లోపల తీరిగ్గా చూడాలంటే మూడు గంటలు కావాలి. నేల రాళ్లు పరిచిన ఎత్తుపల్లాల దారి. ఇవన్నీ ఉన్నా, చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకు ప్రతి పౌండూ గిట్టుబాటే. స్కాట్లండ్ రాజుల కిరీటం, రాజదండం, ఖడ్గం అక్కడే ఉన్నాయి. 1707లో ఇంగ్లండ్‌తో కలిసిపోయాక వాటిని ఒక పెట్టెలో పెట్టి తాళం వేసేశారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. 1818లో నవలా రచయిత వాల్టర్ స్కాట్ అనుమతి తెచ్చుకుని ఆ గది తెరిపిస్తే, పెట్టెలో వస్తువులు అలాగే ఉన్నాయి. స్కాట్లండ్ రాణి మేరీ 1566లో కొడుకును కన్న గది కూడా చూడొచ్చు. మన ఇళ్లలో దేవుడి గది కంటే కాస్త పెద్దదంతే. అక్కడ పుట్టిన బిడ్డే తర్వాత ఇంగ్లండ్‌కీ రాజయ్యాడు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది మాత్రం మాన్స్ మెగ్ అనే ఫిరంగి. 1449లో చేసింది. ఒక్కో రాతి గుండు 150 కిలోల దాకా ఉండేది. దగ్గరికెళ్లి గొట్టం చూడండి. పొడుగ్గా ఉన్న ఇనప కడ్డీలను గుండ్రంగా పేర్చి, చుట్టూ ఇనప పట్టీలు బిగించారు, చెక్క పీపా చేసినట్టే. 1680లో గౌరవ వందనానికి పేల్చినప్పుడు గొట్టం పగిలింది. ఆ పగుల్లోంచి లోపలి కడ్డీలు ఈనాటికీ కనిపిస్తాయి. అంతకుముందు 1558లో మేరీ రాణి పెళ్లికి పేల్చితే గుండు మూడు కిలోమీటర్ల అవతల పడిందట. వెతికి తెచ్చినవాళ్లకు డబ్బులిచ్చినట్టు లెక్కల్లో రాసి ఉంది. ఒక మాట: పట్టాభిషేక శిల 'స్టోన్ ఆఫ్ డెస్టినీ' కోసమే వెళ్తుంటే ఆగండి. దాన్ని 2024లో పెర్త్ మ్యూజియంకి తరలించారు.

ఇక కొండలు. ఊరి మధ్యలో రెండున్నాయి, రెంటికీ టికెట్టు లేదు. ఆర్థర్స్ సీట్ 251 మీటర్లు, కాల్టన్ హిల్ 103 మీటర్లు. మొదటిది ఎక్కాలంటే హోలీరూడ్ ప్యాలెస్ అనే రాజభవనం దగ్గర మొదలుపెట్టి దాదాపు గంట. పైన చెట్టు నీడ లేదు, గాలి మనిషిని తోసేస్తుంది. శిఖరం మీద రాయి ఎక్కినవాళ్ల కాళ్ల కింద నున్నగా అరిగిపోయింది. వాన పడితే జారుడుబండే. చెప్పులతో, చీర కుచ్చిళ్లతో ఎక్కే కొండ కాదు. మోకాళ్లు బాగుండి, మంచి బూట్లుంటే మాత్రం నా ఓటు కోటకంటే దీనికే. ఒకవైపు ఊరు, ఇంకోవైపు ఫోర్త్ నదీముఖం, సముద్రం. కోట నిలబడ్డ రాయీ, మీ కాళ్ల కింద రాయీ సుమారు 34 కోట్ల ఏళ్ల కిందటి అగ్నిపర్వతాల నుంచి మిగిలినవే. ఈ కొండ పక్కనున్న సాల్స్‌బరీ క్రాగ్స్ రాళ్లను చూసే భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హటన్, కరిగిన రాయి పాత పొరల మధ్యలోకి చొచ్చుకొచ్చిందని చూపించాడు. భూమి వయసు వేల ఏళ్లు కాదు, ఊహకందనంత అని జనం నమ్మడానికి దారి వేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఊళ్లోవాళ్లు ఆదివారం కుక్కను తిప్పడానికి వెళ్లే చోటది!

పెద్దవాళ్లతో అయితే కాల్టన్ హిల్. ఇందులో నాకు అనుమానమే లేదు. వేవర్లీ స్టేషన్ నుంచి మెల్లగా నడిచినా పావుగంట, కొన్ని మెట్లు. పైన పన్నెండు పెద్ద రాతి స్తంభాలుంటాయి. నెపోలియన్ యుద్ధాల్లో చనిపోయినవాళ్ల కోసం ఏథెన్స్ పార్థెనాన్ లాంటిది కడదామని 1826లో మొదలుపెట్టి, డబ్బుల్లేక 1829లో ఆపేశారు. మొండిగా మిగిలిపోయినా ఆకాశం ముందు అందంగానే ఉంటుంది. అక్కడి నుంచి కోట, స్కాట్ స్మారకం, బాల్మొరల్ హోటల్ గడియారం అన్నీ ఒక్క చూపులో దొరుకుతాయి. ఆ గడియారం కావాలనే మూడు నిమిషాలు ముందు నడుస్తుంది. కింద స్టేషన్‌లో ఎవరూ రైలు తప్పిపోకూడదని. ఊరికి ఆ మాత్రం శ్రద్ధ ఉండటం నాకెంతో ముచ్చటగా ఉంటుంది.

ఒంటిగంటకు కొండ మీద ఉండేలా చూసుకోండి. 1852లో ఇక్కడి నెల్సన్ స్మారకం మీద ఒక పెద్ద బంతి కట్టారు. సరిగ్గా ఒంటిగంటకు అది కిందికి జారేది. లీత్ రేవులో ఓడలవాళ్లు దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవాళ్లు. పొగమంచు పడితే బంతి కనిపించదు కదా! అందుకని 1861 నుంచి కోట మీద ఫిరంగి పేల్చడం మొదలుపెట్టారు. అప్పట్లో శబ్దం ఏ వీధికి ఎన్ని సెకన్లలో చేరుతుందో వలయాలు గీసి మ్యాపు కూడా వేశారు. ఇప్పటికీ ఆదివారం, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ తప్ప రోజూ పేలుతుంది. నేను ఆ కొండ మీద సెకన్లు లెక్కపెట్టాను. ముందు కోట గోడ మీద పొగ. ఒకటి, రెండు, మూడు అనేసరికి గుండెకు తగిలినట్టు ధన్‌మని మోత. కోట లోపల నిలబడితే ఈ మూడు సెకన్లు ఉండవు.

కొండా మ్యూజియమా అంటే వాతావరణాన్నే అడగాలి. డిసెంబర్‌లో మూడున్నర దాటేసరికి పొద్దు గుంకుతుంది, జూన్‌లో రాత్రి పదింటికీ వెలుతురుంటుంది. చలికాలంలో వెలుతురున్న కాసేపూ కొండకే ఇచ్చి, తర్వాత ఛేంబర్స్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియంకి వెళ్లాలి. అది ఉచితం. పిల్లలుంటే అసలు ఆలోచించనక్కర్లేదు. క్లోనింగ్‌తో పుట్టిన డాలీ గొర్రె అక్కడే గాజుపెట్టెలో ఉంది. అది పుట్టింది ఈ ఊరికి దగ్గర్లోనే, రోస్లిన్‌లో, 1996లో. లూయిస్ దీవిలో దొరికిన దంతపు చదరంగం పావులు పదకొండున్నాయి. ఒక భటుడు యుద్ధావేశంలో తన డాలు అంచునే కొరుకుతుంటాడు. మన ఊళ్ల చరిత్రలు రాసిన కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీది కూడా ఆ లూయిస్ దీవే.

ఇవి కాకుండా చూసి తీరాల్సింది ఒకటుంది. 1836లో కుందేళ్ల కోసం వెళ్లిన కుర్రాళ్లకు ఆర్థర్స్ సీట్ మీద ఒక రాతి గుంటలో పదిహేడు బుల్లి శవపేటికలు దొరికాయి. ఒక్కోటి అరచేతిలో పడుతుంది. లోపల చెక్క బొమ్మ, దానికి కుట్టిన బట్టలు. ఎనిమిదే మిగిలాయి, అవి ఈ మ్యూజియంలో ఉన్నాయి. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఇంతవరకూ తేలలేదు. పొద్దున ఆ కొండ చూసి సాయంత్రం ఆ బొమ్మల ముందు నిలబడితే ఒళ్లు జలదరిస్తుంది.

భూమి కింద పాత సందులు చూపించే మేరీ కింగ్స్ క్లోజ్ టూరు గురించి చాలామంది అడుగుతారు. బాగానే ఉంటుంది, కానీ సమయం తక్కువున్నవాళ్లు కోట నుంచి హోలీరూడ్‌కి దిగే రాయల్ మైల్ రోడ్డు పక్క సందుల్లోకి ఊరికే దూరితే చాలు. డన్‌బార్స్ క్లోజ్‌లో ఒక తోట దాక్కుని ఉంటుంది. కూర్చుని పులిహోర పొట్లం విప్పుకోవచ్చు. హోలీరూడ్ ప్యాలెస్‌ను మాత్రం కోటతో కలిపి ఒకే రోజు పెట్టుకోకండి. రెండూ కలగలిసిపోయి ఏదీ గుర్తుండదు.

అమ్మతో వెళ్లినప్పుడు మా రోజు మాత్రం ఇవేవీ కాని చోట ముగిసింది. మ్యూజియం ఎదురుగా రోడ్డు దాటితే గ్రేఫ్రయర్స్ స్మశానం. మూలమీద బాబీ అనే కుక్క విగ్రహం ఉంటుంది, యజమాని సమాధి దగ్గర పద్నాలుగేళ్లు కాపలా ఉందని చెబుతారు. ముక్కు రుద్దితే అదృష్టమని అందరూ రుద్ది అరగదీశారు, మీరు రుద్దకండి. మేం వెళ్లింది విలియం రాక్స్‌బర్గ్ కోసం. ఎడిన్‌బరాలో చదువుకున్న వైద్యుడు. 1780లలో మన సామర్లకోటలో ఉండి ఈస్టిండియా కంపెనీ కోసం తోట వేశాడు, రోజూ వాతావరణం లెక్కలు రాసుకున్నాడు, కోరమాండల్ తీరం మొక్కలకు స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. రాజమండ్రి సర్కారులో చెరకు ఎలా పండిస్తారో, బెల్లం ఎలా వండుతారో వివరంగా రాశాడు. జ్వరాలకు మనవాళ్లు వాడే సోమిద బెరడు గురించీ ఆయన రాశాడు. ఆ చెట్టు శాస్త్రీయ నామం సోయ్‌మిడా మన తెలుగు మాట నుంచి వచ్చిందే. 1815లో ఇక్కడే పోయాడు. ఈ స్మశానంలోనే, బాస్వెల్ కుటుంబపు సమాధిలో ఉన్నాడు.

అమ్మది సామర్లకోట పక్క ఊరు. మా మావయ్య ఇప్పటికీ చెరకు వేస్తాడు. వాన తుంపరలో కాసేపు నిలబడి, "ఎక్కడి సామర్లకోట, ఎక్కడి ఊరు! ఒక ఫొటో తియ్యవే, మావయ్యకు చూపిస్తా" అంది. కోట చూడలేదని ఆ రోజు మళ్లీ అనలేదు.

అందుకే తమ్ముడికి ఇలా చెప్పాను. బాబాయి ఒక్కడైతే కోటే, గోల్కొండ వెళ్తే గోడ గోడా చదివే మనిషి కదా. పిన్ని కూడా వస్తుంటే పొద్దున రాయల్ మైల్, ఒంటిగంటకు కాల్టన్ హిల్, తర్వాత మ్యూజియం, వెలుతురుంటే గ్రేఫ్రయర్స్. ఆగస్టులో మాత్రం వద్దు, పండగల నెల, హోటల్ రేట్లు చుక్కల్లో ఉంటాయి. టికెట్లు ఇంకా కొనకన్నాను. పిన్ని మోకాళ్ల సంగతి కనుక్కుని రాత్రికి ఫోన్ చేస్తానన్నాడు.